అద్దం మీద బోర్లించిన ఫోటో

మే 19, సోమవారం

సురేంద్రన్న షాపులో ఈరోజు చేరాను. పామిడి బస్టాండు వెనక సందు. జిరాక్స్, స్కానింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఫ్లెక్స్ డిజైన్లు. ఇన్నేళ్లూ ఇంట్లో జాకెట్లు కుట్టాను. ఇక నా వల్ల కాదని నడుము చెప్పేసింది. మా ఆయన నరసింహులుకు తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. ఆదివారాలు వస్తాడు. మిగతా రోజులు ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు. అందుకే ఇది రాస్తున్నానేమో.

జిరాక్స్ మిషన్ సురేంద్రన్న చూసుకుంటాడు. నాకు స్కానర్ అప్పజెప్పాడు. సూట్‌కేసును పడుకోబెట్టినట్టు ఉంది. పైన మూత. మూత లోపలి వైపు తెల్లగా ఉండాలట, మురికైతే పల్చటి కాగితాల వెనక ఆ మురికి కూడా వస్తుందట. మూత కింద అద్దం. అద్దం కింద అడ్డంగా ఒక కడ్డీ. అందులోనే లైటూ ఉంది, చూసే కన్నూ ఉంది. బటన్ నొక్కితే కడ్డీ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా పోతుంది. దారిలో చూసిందంతా వైరులో కంప్యూటర్‌కు పంపుతుంది. అంతే మిషన్.

మనిషి కంటే బాగా చూస్తాదమ్మా, మనం వద్దనుకొనేది కూడా చూస్తాది అన్నాడు సురేంద్రన్న.

మే 20, మంగళవారం

ఒక రైతు పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ కాగితం స్కాన్ చేశాను. తెరమీద తెల్ల కాగితం వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ తెల్లగానే. అక్షరాలు పైకి చూస్తున్నాయి, కన్ను కింద ఉంది. బోర్లించాలని తోచలేదు. ఆ రైతు నవ్వి, బోర్లా పండబెట్టు పాపా, అది కింద నుంచి చూస్తాది గదా అన్నాడు. సిగ్గయింది.

మే 22, గురువారం

ఈరోజు నేర్చుకున్నవి. అద్దం మూలలో చిన్న బాణం గుర్తు ఉంటుంది, కాగితం మూల అక్కడ ఆనించాలి. ముందు ప్రివ్యూ నొక్కాలి. ప్రివ్యూలో మనకు కావలసినంత మేర గీత గీసి అప్పుడు స్కాన్ నొక్కాలి. ఉత్త కాగితమైతే రెండువందల డీపీఐ. ఫోటో అయితే మూడువందలు. ఫోటోను పెద్దది చేసి ఫ్లెక్స్ కొట్టాలంటే ఆరువందలు. డీపీఐ పెంచేకొద్దీ కడ్డీ నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిగా పోతే అంత వివరంగా చూస్తుంది.

అద్దం మీద నేరుగా స్ప్రే కొట్టకూడదు. గుడ్డ మీద కొట్టి తుడవాలి. లేకపోతే అంచుల్లోంచి తడి లోపలికి దిగి అద్దం లోపల మసకేస్తుంది. మే నెల గాలికి ఈ సందులో దుమ్ము ఆగదు. గంటకోసారి తుడుస్తున్నా. అద్దం మీద ఆవగింజంత దుమ్ము ఫ్లెక్స్ మీద పిడికిలంత మచ్చ అవుతుందట.

నాకీ పని నచ్చింది.

మే 24, శనివారం

మధ్యాహ్నం సురేంద్రన్న భోజనానికి పోయినప్పుడు ఒక అమ్మాయి వచ్చింది. చున్నీ ముఖానికి చుట్టుకుంది. ఎండకు అందరూ అట్లే చుట్టుకుంటారు, కానీ ఈ పిల్ల లోపలికి వచ్చాక కూడా తీయలేదు. బ్యాగులోంచి టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు, ఆధార్ తీసింది. అన్నీ స్కాన్ చేసి మెయిల్ చెయ్యమంది. ఒరిజినల్స్ వెంటనే ఇంటికి తీసుకుపోయి బీరువాలో పెట్టాలంది. తొందరగా, తొందరగా అంటోంది. నేను కొత్త. తొందరంటే చేతులు తడబడతాయి.

చివర్లో ఒక స్టాంపు పేపరు ఇచ్చింది. నల్లమాడలో ఒక రూము అద్దె అగ్రిమెంటు. శశికుమార్ అనే అబ్బాయి పేరు మీద ఉంది, కింద అతని ఫోన్ నంబరు. అప్పుడు అర్థమైంది. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు అక్కా, మేము ఇద్దరమూ మేజర్లమే అంది, నేను అడగకుండానే. టెన్త్ మెమో చూశాను. ఆశ్రిత. ఇరవై రెండేళ్లు.

పోయేముందు వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇవన్నీ డిలీట్ చేసేయ్ అక్కా అంది. ఆమె ముందే డెస్క్‌టాప్ మీద ఉన్నవన్నీ డిలీట్ చేసి చూపించాను. అప్పుడు చున్నీ కొంచెం దించి నవ్వింది. మంచి ముఖం.

మే 28, బుధవారం

షాపులో అంతా ఇదే మాట. పక్క ఊరి లక్ష్మీపతి కూతురు లేచిపోయిందట. లక్ష్మీపతి అంటే ఆ చుట్టుపక్కల అందరికీ గౌరవం, ఎవరింట్లో తగువు వచ్చినా ఆయన్నే పిలుస్తారట. బోరు మోటారు రిపేరుకు వాళ్ల చేనికి వచ్చిన మెకానిక్‌తో పోయిందని, వాడిది వేరే కులమని చెప్పుకుంటున్నారు. ఎండకు తలకట్టు కట్టుకున్న ఒకాయన, అట్లా బిడ్డ ఉన్నా లేకున్నా ఒకటే అన్నాడు. ఎవరూ కాదనలేదు.

నేను అద్దం తుడుస్తూ తల ఎత్తలేదు.

జూన్ 3, మంగళవారం

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

లక్ష్మీపతి షాపుకు వచ్చాడు. నేను ఇంకెవరినో ఊహించుకున్నాను. పల్చటి మనిషి, తెల్ల చొక్కా, భుజాన టవలు, మెత్తటి గొంతు. సురేంద్రన్న లేచి కుర్చీ వేశాడు. ఆయన నీళ్లడిగి తాగాడు. తర్వాత, మా పాప పోయే ముందు ఈడికి ఏమైనా వచ్చిందా సురేంద్రా అని అడిగాడు. ఊర్లో ఎవరో చూశారట.

ఏమో అన్నా, చూద్దాం అంటూ సురేంద్రన్న నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను డిలీట్ చేశాను కదా అని ధైర్యంగా ఉన్నాను. ఆయన నేనెప్పుడూ చూడని ఫోల్డర్ ఒకటి తెరిచాడు. స్కానర్ తాను తీసిన ప్రతి కాగితానికీ సొంతంగా ఒక కాపీ దాచుకుంటుందట. కస్టమర్ మళ్లీ వస్తే మళ్లీ తీసే పని లేకుండా. అందులో తేదీల వారీగా అన్నీ ఉన్నాయి. పాస్‌బుక్కు బదులు నేను తీసిన తెల్ల కాగితాలు కూడా ఉన్నాయి.

మే ఇరవై నాలుగు. టెన్త్ మెమో. డిగ్రీ. ఆధార్. అద్దె అగ్రిమెంటు.

సురేంద్రన్న అగ్రిమెంటు ప్రింట్ తీసి ఇచ్చాడు. లక్ష్మీపతి కళ్లజోడు పెట్టుకుని చదివాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. లేచి నా వైపు చూశాడు.

“నువ్వేనామ్మా తీసింది? బాగా తీసినావు. అన్నీ పష్టంగా కనపడతాండాయి.”

ఆయన పోయాక, ఆ పిల్ల డిలీట్ చెయ్యమని అడిగిందన్నా అన్నాను. సురేంద్రన్నకు అందులో తప్పేమీ కనపడలేదు. తండ్రి గదమ్మా, తండ్రికి చూపియ్యకుంటే ఇంకెవురికి చూపిస్తాం అన్నాడు.

జూన్ 4, బుధవారం

అగ్రిమెంటులో ఉన్న నంబరు నా ఫోన్‌లో ఎక్కించుకున్నాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చేశాను. స్విచ్ ఆఫ్.

నరసింహులుకు ఫోన్‌లో చెప్పాను. మనకెందుకే, పోయి తిట్టి వస్తాడు, మహా అయితే రెండు దెబ్బలు కొడతాడు, వాళ్ల ఇంటి గలాటా అన్నాడు. వెనక పాలిష్ మిషన్ల మోత. సగం వినపడలేదు. వినపడిన సగం చాలనిపించింది.

జూన్ 8, ఆదివారం

ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. నల్లమాడ నుంచి ఏ వార్తా లేదు. వాన కూడా లేదు. చేన్లన్నీ దున్ని పెట్టుకుని జనం ఆకాశం వైపు చూస్తున్నారు. గాలి ఒక్కటే.

జూన్ 10, మంగళవారం

లక్ష్మీపతి మళ్లీ వచ్చాడు. సురేంద్రన్న గుత్తికి పోయాడు, అక్కడే మా ఫ్లెక్స్‌లు ప్రింటవుతాయి. షాపులో నేను ఒక్కదాన్నే.

సంచిలోంచి ఫ్రేము కట్టిన ఫోటో తీశాడు. స్టూడియోలో తీయించింది. ఆయనా, ఆశ్రితా పక్కపక్కన నిలబడి ఉన్నారు. డిగ్రీ పాసైనప్పటిదట. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. పెద్దది చెయ్యల్ల, పాప ఒక్కతే రావల్ల, నన్ను తీసెయ్ అన్నాడు.

ఫ్రేము అద్దంతో పాటు స్కాన్ చేస్తే మెరుపు పడుతుంది. వెనక మేకులు పీకి ఫోటో బయటికి తీశాను. స్కానర్ మీద బోర్లించి, మూల బాణం దగ్గర ఆనించి, మూత వేశాను. ఆరువందల డీపీఐ. కడ్డీ బయలుదేరింది. మూత అంచుల సందులోంచి వెలుగు గోడమీద పాకుతూ పోయింది. ఆయన వంగి ఆ వెలుగునే చూస్తున్నాడు. ఎంతసేపూ రెప్ప వేయలేదు.

తెరమీద ఆశ్రిత ముఖం వచ్చింది. చెంప మీద నల్లటి చుక్క. ఇది మా పాపకు లేదే అన్నాడు. దుమ్మన్నా, అద్దం మీదిది అన్నాను. మూత ఎత్తి ఫోటో తీశాను. నేను గుడ్డ అందుకునే లోపల ఆయన తన టవలు కొసతో అద్దం తుడిచాడు. ముందు నోటితో ఊది, తర్వాత తుడిచాడు. పసిబిడ్డ ముఖం తుడిచినంత మెల్లగా. ఇంకోసారి తియ్యి అన్నాడు.

ఆయన్ని కత్తిరించాను. భుజం మీది వేళ్లు మాత్రం పోలేదు. అవి తీస్తే చీర డిజైను చెడుతోంది. అది సరిగ్గా పూడ్చడం నాకింకా రాదు. అదే చెప్పాను. ఉండనీలే అన్నాడు.

తర్వాత ఏం రాయాలో చెప్పాడు. పైన కన్నీటి శ్రద్ధాంజలి. చుట్టూ పూలదండ. కింద పేరు. పుట్టిన తేదీ చెప్పాడు, టైపు చేశాను. మరణం అన్న చోట ఆగాను.

“జూన్ పదిహేను. కొట్టమ్మా.”

ఈరోజు పదో తేదీ అన్నా అన్నాను. తెలుసు అన్నాడు. గొంతు మారలేదు.

కొట్టాను.

అదే రోజు, సాయంత్రం

సురేంద్రన్న రాగానే చెప్పాను. ఆయన భయపడలేదు. ఇప్పుడందరూ ఇట్లే చేస్తాండారమ్మా అన్నాడు. బిడ్డ చెప్పకుండా పెళ్లి చేసుకుంటే పెద్దలు ఒక దినం పెట్టుకొని, కుండ పగలగొట్టి, తలస్నానం చేసి, చచ్చిపోయిందని ఫ్లెక్స్ కడతారట. మనసులో తీరని కోపం అట్లా తీర్చుకుంటారట. మన షాపులోనే ఇదివరకు రెండు కొట్టినాం, ఆ పిల్లలిద్దరూ బెంగుళూర్లో సుఖంగా ఉండారు అన్నాడు.

అయితే సరే అనుకున్నాను. ఇంటికొచ్చి రొట్టె చేసుకున్నాను. తినలేకపోయాను.

జూన్ 11, బుధవారం

ఆ ఫైలు మళ్లీ తెరిచి చూశాను. చనిపోయినవాళ్ల ఫ్లెక్స్‌లు ఈ నెలలో చాలా చేశాను. వాళ్ల ఫోటోలు చూస్తే ఏమీ అనిపించదు. ఈమెను చూస్తే ఇంకా ఏదో చెప్పబోతున్నట్టుంది.

జూన్ 12, గురువారం

ఈరోజు ఫోన్ కలిసింది. ఆశ్రితే ఎత్తింది.

నేనెవరో చెప్పగానే ఎంత సంతోషపడిందో. నేను అడగకముందే అంతా చెప్పింది. శశి నంబరు ఎట్లా దొరికిందో ఏమో అక్కా, నాయన ఫోన్ చేసినాడు, ఏడ్చినాడు, ఎప్పుడూ ఏడ్చినోడు కాదు అంది. అయిందేదో అయింది, ఇద్దరూ ఇంటికి రండి అన్నాడట. అమ్మ పండగకు చేసినట్టు ఓళిగలు చేస్తుందట.

ఎప్పుడు రమ్మన్నాడు అని అడిగాను.

“ఆదివారం. మాపటేళ, చీకటి పడినాక రమ్మన్నాడక్కా. ఊర్లో నలుగురూ చూస్తే బాగుండదు గదా. చేని దావన వస్తే తానే ఎదురొచ్చి తీసుకుపోతానన్నాడు.”

ఆదివారం పదిహేను.

ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోటో, దండ, తేదీ. అంతా వినింది. తర్వాత, మా నాయన గురించి నీకేం తెలుసు అంది. మేము కలిసిపోతే ఓర్వలేనోళ్లు ఎవురో నీతో చెప్పిస్తాండారు అంది. పెట్టేసింది.

జూన్ 13, శుక్రవారం

సురేంద్రన్న బయటికి పోయినప్పుడు తెరమీది ఫ్లెక్స్‌ను నా ఫోన్‌తో ఫోటో తీసి ఆ నంబరుకు పంపాను. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. ఎవరో చూశారు. అయిదు నిమిషాల తర్వాత ఆ నంబరు డీపీ మాయమైంది. బ్లాక్ చేశారు.

పోలీసులకు ఫోన్ చేద్దామని నంబరు నొక్కి ఆగాను. ఏమని చెప్పాలి? ఒక ఫ్లెక్స్ మీద తేదీ తప్పుందని చెప్పాలా?

అగ్రిమెంటు మీద డోర్ నంబరు ఉంది.

జూన్ 15, ఆదివారం, పొద్దున

నిన్నటిది రాస్తున్నాను.

కడుపునొప్పి అని సురేంద్రన్నకు మెసేజ్ పెట్టి మొదటి బస్సెక్కాను. శుక్రవారం సాయంత్రమే ఫ్లెక్స్ డిజైను కాగితం మీద ప్రింట్ తీసి జాకెట్లో పెట్టుకున్నాను. అనంతపురంలో మారి, కదిరిలో మారి, నల్లమాడ చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. దారి పొడుగునా దున్నిన ఎర్ర చేన్లు. ఒక్క పచ్చటి మొలక లేదు. బస్సులో నా పక్కామె, ఎవరింటికమ్మా అని అడిగింది. చెల్లెలింటికి అన్నాను.

శశికుమార్ మోటార్ల రివైండింగ్ షాపులో దొరికాడు. చేతుల నిండా రాగి తీగ. నా పేరు జ్యోతిలక్ష్మి, పామిడి నుంచి వచ్చాను అనగానే ముఖం గట్టిపడింది. ప్రింట్ ఇచ్చాను. చూసి వెనక్కి ఇచ్చేశాడు.

“ఇట్లాంటిది కంప్యూటర్లో ఎవురైనా చేస్తారు. నిన్ను ఎవురు పంపిచ్చినారక్కా?”

“ఎవురూ పంపియ్యలేదు. నేనే టైపు చేసినా. నా చేత చేయించినాడు.”

“వాళ్ల నాయన నాతో కూడా మాట్లాడినాడు. అల్లుడా అన్నాడు నన్ను.”

ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో ఎంత ఆశ ఉందో నాకు వినపడింది. పాతికేళ్ల వాడు. ఒక్క మాటకు కరిగిపోయాడు.

రూము షాపు వెనకే. ఆశ్రిత చాపమీద కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. రేపు కట్టుకోవడానికట. నన్ను చూసి లేవలేదు. కోపంగా ఉంది. ప్రింట్ ఆమె ముందు పెట్టాను. చూడనన్నట్టు తల తిప్పుకుంది. తర్వాత చూసింది. వేలితో తన భుజం దగ్గర తడిమింది. అక్కడ ఆ నాలుగు వేళ్లున్నాయి.

“ఇది మా నాయన చెయ్యి.”

శశి వంగి చూశాడు.

“ఈ ఫోటో ఒక్కటే ఉండేది. మా నడవలో, గోడకు. వేరే ఎవురి దగ్గరా లేదు.” ఇంత మాత్రం శశితో అంది. తర్వాత నన్ను అడిగింది. “ఇది ఇచ్చినప్పుడు నాయన ఎట్లుండాడు అక్కా?”

అబద్ధం చెప్పి ఉండొచ్చు. బండరాయిలా ఉన్నాడని చెప్పి ఉంటే ఆమెకు సులభమయ్యేది. నీ చెంప మీద దుమ్ము పడింటే తన టవలుతో తుడిచినాడు అని చెప్పాను. నోటితో ఊది మరీ తుడిచినాడు అని చెప్పాను.

ఆమె ఏడ్వలేదు. ఫాల్ ఇంకా సగం ఉంది. సూది తీసుకుని మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. మేము పోవట్లేదు అన్నాడు శశి. ఆమె చివరిదాకా కుట్టి, పంటితో దారం కొరికి, చీర మడిచి గూట్లో పెట్టింది. అప్పుడు లేచి నాకు మంచినీళ్లు ఇచ్చింది.

వాళ్లు పోరని నాకు ఖాయంగా తెలియదు. పొద్దున మా ఆయన రాగానే అంతా చెప్పాను. గట్టిగా అరిచాడు. నీకేమన్నా పిచ్చి పట్టిందా, ఆ మనిషికి తెలిస్తే అన్నాడు. తర్వాత మంచం మీద కూర్చుని, వాళ్లిద్దరూ ఇప్పుడు యాడుండారు అని అడిగాడు.

అదే రోజు, సాయంత్రం

చీకటి పడుతోంది. ఫోన్ చేతిలోనే ఉంది.

అదే రోజు, ఇంకొంచెం సేపటికి

కొత్త నంబరు నుంచి మెసేజ్. “పోలేదు అక్కా. నాయన మళ్లా మళ్లా ఫోన్ చేసినాడు. యాడున్నారు, చేని కాడ నిలబడినా అన్నాడు. శశి ఆ సిమ్ తీసేసినాడు.”

నరసింహులు తాడిపత్రి బస్సెక్కలేదు. పొద్దున పోతాలే అన్నాడు. తలుపు గడియ వేసి, మళ్లీ పోయి చూసి వచ్చాడు.

జూన్ 16, సోమవారం

షాపుకు పోకూడదనుకున్నాను. పోకుంటే నేనే అని తెలిసిపోతుంది. పోయాను.

గుత్తి బస్సులో ఫ్లెక్స్ చుట్ట వచ్చింది. లక్ష్మీపతి వచ్చాడు. సురేంద్రన్నా ఆయనా చెరొక కొస పట్టుకుని సందులో విప్పారు. గాలికి అది పటపట కొట్టుకుంది. ఆయన దాన్ని పై నుంచి కింది దాకా చదివాడు.

“తేదీ తప్పు పడింది సురేంద్రా.”

నువ్వు చెప్పిందే గదన్నా అన్నాడు సురేంద్రన్న.

“దాన్ని తీసేసి ఇంకోటి కొట్టియ్యి. తేదీ కాడ ఖాళీ పెట్టు.”

ఏ తేదీ రాయాలన్నా అన్నాడు సురేంద్రన్న. పట్టుకున్న కొస వదిలేశాడు.

“అది నేను రాసుకుంటాలే.”

పాతది మడిచి చంకలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. ఇది మీరు గాక ఇంకెవురైనా చూసినారామ్మా అని నన్ను అడిగాడు. లేదన్నా అన్నాను. ఆయన నా ముఖం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూశాడు. చేతులు స్కానర్ మూతమీద ఉన్నాయి. కదలకుండా ఉంచాను. కడుపునొప్పి తగ్గిందా అన్నాడు.

నా కడుపునొప్పి సంగతి ఆయనకు ఎవరు చెప్పారు?

జూన్ 17, మంగళవారం

నేనేం చెప్పలేదమ్మా, శనివారం వచ్చి నువ్వు యాడుండావని అడిగితే చెప్పినా, అంతే అన్నాడు సురేంద్రన్న. మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు ఆయన. ఖాళీ తేదీ ఫ్లెక్స్ నేను డిజైన్ చెయ్యను అన్నాను. నేను కూడా చెయ్యను అన్నాడు. మిషన్ చెడిపోయిందని చెప్దాం అన్నాడు.

జూన్ 19, గురువారం

ఆశ్రిత ఫోన్ చేసింది. ఇద్దరూ జిల్లా పోలీసు పెద్దాఫీసుకు పోయి కాగితం ఇచ్చారట. నేనిచ్చిన ప్రింట్ కూడా ఇచ్చారట. లక్ష్మీపతిని పిలిపించారు. ఆయన చేతులు కట్టుకుని నిలబడి, నా వరకూ నా బిడ్డ చచ్చిపోయింది సార్, పెద్దలు దినం పెట్టినారు, ఫ్లెక్స్ వేయిస్తే తప్పా అని అడిగాడట. భోజనానికి పిలిచినా, తండ్రి గదా అన్నాడట. వాళ్ల జోలికి పోనని సంతకం పెట్టించుకుని పంపేశారు.

నాయన నా దిక్కు ఒక్కసారి కూడా చూడలేదక్కా అంది. వాళ్లు నల్లమాడ వదిలిపోతున్నారట. ఎక్కడికో చెప్పబోయింది. నాకు చెప్పొద్దన్నాను. నాకు తెలియకపోతే నా నుంచి ఎవరికీ తెలియదు.

పెట్టేశాక సురేంద్రన్న ముందే ఆ దొంగ ఫోల్డర్ తెరిచాను. ఆశ్రితవే కాదు, అన్నీ. మొదటి రోజు నుంచి ఉన్నవన్నీ ఎంచి డిలీట్ కొట్టాను. కస్టమర్లు అడిగితే మళ్లీ తీస్తాను, నాకేం కష్టం. సురేంద్రన్న తిడతాడనుకున్నాను. మౌస్ నా చేతిలోంచి తీసుకుని రీసైకిల్ బిన్ తానే ఖాళీ చేశాడు. సెట్టింగుల్లోకి పోయి కాపీ దాచే చోట టిక్కు తీసేశాడు.

జూన్ 22, ఆదివారం

తాడిపత్రిలో ఇల్లు చూశానన్నాడు నరసింహులు. నెలాఖరుకు మారిపోదాం అన్నాడు. ఆ ఊర్లో కూడా స్కానర్లుంటాయిలే అన్నాడు, నవ్వించడానికి.

జూన్ 25, బుధవారం

ఆశ్రిత అమ్మ వచ్చింది. సరళమ్మ. నేనెప్పుడూ చూడలేదు, కానీ ముఖం చూడగానే తెలిసింది. కొంగు కింద దాచి ఆ ఫ్రేము తెచ్చింది. పాపది చిన్న ఫోటో ఒకటి కావాలంది, పర్సులో పట్టేటంత. పూలదండ లేకుండా.

స్కానర్ మీద బోర్లించి మూత వేశాను. కడ్డీ పోతున్నంతసేపూ ఆమె మాట్లాడింది. ఎవరితోనూ కాదు, గోడమీది వెలుగుతో మాట్లాడినట్టు.

“పాపను రమ్మన్న ముందునాడు, ఆ శనివారం, మా ఆయన జేసీబీ పిలిపిచ్చి చేన్లో గుంత తీపిచ్చినాడు. చీనీ చెట్లు నాటతాడనుకొంటి. ఒకటే తీపిచ్చినాడు.”

ఫోటో కత్తిరించి ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుంది. మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చింది.

“ఆ గుంత ఇంకా పూడ్చలేదు పాపా.”